చేతుల మీద నీళ్లు

ఉత్తరపు గాలి. ఉప్పు వాసన, ఏలకుల వాసన, ఎండు సొరచేప వాసన — అన్నీ ఒకే కిటికీలోంచి.

ఈ గాలే ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న మా లాము దీవికి పడవలను తెచ్చింది. పడవలు మాటలను తెచ్చాయి.

మా భాషకు పేరు కూడా అరువే. స్వాహిలీ... అరబ్బులు తీరాన్ని పిలిచిన పిలుపు. తిరిగిమ్మని ఎవరూ అడగలేదు గనక, మా వీధిలో దాన్ని వంశగౌరవం అంటారు.

ఆ మధ్యాహ్నం షంసాని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. షంసా తల్లి సల్హాది ఓమాన్ వంశం — వాళ్లకు చెప్పినంతవరకు.

సల్హా తల్లి న్యేవు మాత్రం తీరం వెనక మెట్ట ఊళ్ల గిరియామా తెగ మనిషి. నోరు విప్పితే యాస పట్టిస్తుంది.

అందుకే పొద్దున్నే, కొబ్బరి తురుముతున్న తల్లి దగ్గర నిలబడి, ఎటో చూస్తూ చెప్పింది సల్హా.

"ఇవాళొక్కరోజు మాట్లాడకమ్మా. పిల్ల బతుకు."

న్యేవు తురుముతూనే ఉంది.

పెళ్లికొడుకు మేనత్త బీ సురయ్యా భోజనాల దగ్గర అన్నింటికీ పుట్టిల్లు చెప్పింది. మేజా అన్న మాట పోర్చుగీసు వాళ్లదట. పళ్లెం పేరు అరబ్బులది. చపాతీ, గుజరాతీల వెంట వచ్చింది.

"మన ఇళ్లల్లో లోపలి ఊళ్ల సరుకేదీ లేదొదినా. మాటతో సహా అంతా సముద్రం మీంచే."

అంతేగా, అంది సల్హా.

తినేముందు చేతులు కడిగించాలి. చెంబూ పళ్లెమూ పట్టుకుని ఇంటిపిల్ల తిరగాలి. పిల్ల ముస్తాబులో ఉంది. న్యేవే తెచ్చింది. వంగి, ఒక్కొక్కరి చేతుల మీదా —

నీళ్లు.

ఆ మాటను ఏ పడవా తేలేదు. నిప్పునూ తేలేదు, వాననూ తేలేదు. బిడ్డ, అమ్మ... అవన్నీ మెట్టవే. వాటి పుట్టిల్లు ఎవరూ అడగలేదు.

"పనిమనిషి నెమ్మదస్తురాలే. ఎక్కడ దొరికింది?" అంది సురయ్యా.

సల్హా అబద్ధం కాని మాట కోసం వెతుక్కుంది. దొరికింది.

"లోపలి ఊళ్ల నుంచి."

నిజమే. అబద్ధమైతే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

చివరికి చెంబు సల్హా ముందుకొచ్చింది. ముసలామె వంగింది. కూతురి మొహంకేసి చూడలేదు. పొద్దుటి నుంచీ మూసుకున్న నోరు ఒక్కసారి తెరిచింది. అచ్చం పెద్దిళ్ల యాసలో, పొల్లు తేడా లేకుండా —

"చేతులు చాపండి, అమ్మగారూ."

సల్హా చాపింది.

నీళ్లు పడ్డాయి... ఆగిపోయాయి. చెంబు వంటింటిలోకి వెళ్లిపోయింది. సురయ్యా వడ్డించుకుంటోంది.

సల్హా చేతులు ఇంకా చాపే ఉన్నాయి.