రెండో కాన్పుకు పథ్యం

“కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏది పడితే అది తింటే, పిల్లలు పెద్దయ్యాక లావైపోతారట. ఇదిగో, ఇక్కడ రాశారు,” అన్నాడు భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆమె పొయ్యి ముందు నిలబడి అందరి డబ్బాలూ సర్దుతోంది. ఇప్పుడు నాలుగో నెల. ఐదింటికి లేచింది మొదలు మంచినీళ్ళు తప్ప ఏమీ నోట్లో పడలేదు.

“నేను అప్పుడే మొత్తుకున్నాను,” అందుకుంది అత్తగారు. “చిట్టి కడుపులో ఉన్నప్పుడు ప్యాకెట్లకు ప్యాకెట్లు బిస్కెట్లు లాగించింది. పదేళ్ళకే పిల్ల ఎలా తయారైందో చూడు. ఈసారైనా నోరు కట్టుకోమను.”

ఆమెకు ఒళ్ళు మండింది. ఫ్రిజ్ తలుపు మీద అతను అంటించిన కాగితం ఉంది, ఆమె ఏం తినాలో, ఏం ముట్టుకోకూడదో. అది వండి పెట్టేదెవరో మాత్రం అందులో లేదు. ఆ రోజుల్లో ‘ఇద్దరి కోసం తినాలమ్మా, పారబోస్తే పాపం’ అంటూ గిన్నెల అడుగులన్నీ ఆమె కంచంలోకి ఊడ్చింది ఈ అత్తగారే. ఇక బట్టల ఫ్యాక్టరీలో భోజనానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు, బాత్రూమ్ ముందు వరుసలోనే పదిహేను అయిపోయేవి. మిషను దగ్గర్నుంచి లేవకుండా గబుక్కున నోట్లో వేసుకోగలిగింది బిస్కెట్టొక్కటే. ‘కడుపుతో ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చుగా’ అని సూపర్‌వైజర్ సణిగేవాడు. ‘ఇప్పుడు ఉద్యోగం మానేస్తే ఎలా?’ అని మొగుడు. ఆ తొమ్మిది నెలలూ ఏం తిన్నావే అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. ఇప్పుడు మాత్రం అందరికీ లెక్కలతో సహా గుర్తొచ్చేసింది!

పక్కనే ఉన్న చిట్టి తన డబ్బా మూత తీసి సగం అన్నం గిన్నెలో కుమ్మరించేసింది. “ఆకలి లేదమ్మా,” అంది.

ఆ మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి, భర్తతో కలిసి ఆసుపత్రికి పరీక్షకు వెళ్ళింది. బడి నుంచి చిట్టినీ వెంట తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ భర్తే జవాబు చెప్పాడు. “మొదటిసారి తిండి విషయంలో అశ్రద్ధ చేసింది డాక్టర్. దాని ఫలితం ఇదిగో, చూస్తూనే ఉన్నారుగా,” అని కూతురి వైపు చెయ్యి చూపించాడు.

చిట్టి చొక్కా కిందికి లాక్కుంది. “అయితే నేను అమ్మ కడుపులోనే పాడైపోయానా?” అని అడిగింది.

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“నువ్వేం పాడవలేదు తల్లీ,” అంది డాక్టరమ్మ. తర్వాత అతని వైపు తిరిగింది. “తల్లి తిండి ప్రభావం కొంత ఉంటుంది, కాదనను. కానీ అదొక్కటే కాదు. ఇంట్లో అందరూ ఏం తింటున్నారు, ఎంత కదులుతున్నారు, అన్నీ కలుస్తాయి. అసలు ఈవిడ వేళకు తింటోందా?”

“వండేది తనేగా డాక్టర్! తినకుండా ఉంటుందా?”

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపు కన్నా చేదుగా. “ఈ నాలుగు నెలల్లో పొద్దున పూట ఒక్కరోజు కూడా కూర్చుని తినలేదు డాక్టర్,” అంది. “చీటీ మీద రాయండి. పొద్దున వంట ఆయన చెయ్యాలి, నేను కూర్చుని తినాలి. నేను చెబితే సాధింపు అంటారు. మీరు రాస్తే వైద్యం అవుతుంది.”

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమెనే చూసి, రాయడం మొదలుపెట్టింది.

అతని ముఖం ఎర్రబడింది. “సరే, కాన్పయ్యే వరకేగా,” అన్నాడు, పెద్దమనసు చేసుకున్నట్టు.

“ఎప్పటివరకో రాయకండి డాక్టర్,” అందామె.

చీటీ మడిచి తన సంచిలోనే పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. “పద, నాకు ఆకలేస్తోంది.”

“నాక్కూడా అమ్మా,” అంది చిట్టి, తండ్రి వంక చూడకుండానే.