వీసీ మేడం నుదుటి బొట్టు

మా మార్కెట్ యార్డులో ఫ్లెక్సీ కట్టడం పెద్ద పనేమీ కాదు. ఎమ్మెల్యే పుట్టినరోజుకు కడతాం, కొత్తగా వచ్చిన ఎస్సైకి కడతాం. పని అయిపోయాక విప్పి టమోటా బాక్సుల మీద కప్పుకుంటాం. పెట్టిన ఖర్చు ఆ విధంగా గిట్టుబాటవుతుంది. జీవమ్మగారికి కట్టిన ఫ్లెక్సీ మాత్రం ఏ లెక్కకూ అందలేదు.

జీవమ్మగారు వ్యవసాయ శాస్త్రవేత్త. విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసి, రిటైరయ్యాక కడపలో ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. పోయిన నెల గుండెపోటుతో పోయారు. పుట్టింది మా పత్తికొండ పక్క పల్లెలో, క్రైస్తవుల పేటలో. వాళ్ల నాయన ప్రకాశం మా నాయన మండీలో మూటలు మోసేవాడు. దాహమైతే ఆయన దోసిలి పట్టేవాడు, పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. ఆయన కూతురు వీసీ మేడమై మా నట్టింట్లో కూర్చుని, నా భార్య సుబ్బరత్నమ్మ వడ్డించిన కొర్రన్నం తిన్నది. మా నాయన బతికుంటే దాన్ని ఏ ఖాతాలో రాసేవాడో నాకు తెలియదు.

పూత మీద వాన ముఖం చాటేసినా భూమిలోకి దిగి కాయ కట్టే ఊడలు చావని వేరుశనగ రకం ఆమె తయారుచేసింది. కాయ యార్డుకు వచ్చే రోజుల్లో ఏటా ఒకసారి కడప నుంచి కారులో వచ్చేది, రాత్రికి పల్లెలో తమ్ముడింట్లో ఉండేది. కుప్పల మధ్య తిరిగి, కాయ పంటితో పగలగొట్టి చూసి, రైతును పక్కన కూర్చోబెట్టుకుని పంట సంగతి అడిగేది. "మా రీసెర్చి ప్లాట్లో పండింది మా మాట వింటాది ఓబుళేశూ, నీ కుప్ప వినదు" అనేది నాతో. విత్తనం మీరే దాచుకోండని రైతులకు చెప్పి నా విత్తనాల అంగడికి గండి కొట్టింది ఆమే. కరువు ఏడు కూడా నా మండీకి సరుకు వచ్చేలా చేసింది ఆమే. రెండూ కూడి తీసేస్తే నాకు మిగులే. అందుకే సంతాప సభ యార్డులోనే పెడదామని వర్తకుల సంఘంలో నేనే అన్నాను.

ఫొటో కూడా నేనే ఇచ్చాను. పేపర్లలో వచ్చినవన్నీ ముఖం బిగించుకుని కూర్చున్నవి. మా ఇంటి వరండాలో నవ్వుతూ నిలబడినది ఒకటి నా ఫోనులో ఉండింది. యార్డు గేటు ఎదుట ఫ్లెక్సీలు వేసే వీరేష్‌కు దాన్నే పంపాను.

సభ రోజు పొద్దున ఆమె తమ్ముడు ప్రేమయ్య అందరికంటే ముందే బండి మీద వచ్చాడు. ఆయన ఆ పల్లె చర్చిలో సంఘ పెద్ద. వెనకాల కోడలు జీవిత కూర్చుని ఉంది. బండి దిగుతూనే పైకి చూసి అట్లే నిలబడిపోయాడు.

"ఎవురప్పా మా అక్కకు బొట్టు పెట్టింది?"

"బొట్టా?" అన్నాను.

అప్పుడు చూశాను. ఫొటోలో గోరంత ఉండేది ఫ్లెక్సీలో పళ్లెమంత అయింది. మా ఇళ్లల్లో ఆడవాళ్ల నుదుట బొట్టు లేకుంటేనే కంటికి కనిపిస్తుంది. ఉంటే ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

"మా సంఘమంతా ట్రాక్టర్లో వస్తాండారు. పాస్టరయ్య వస్తాండాడు. దీని కింద నిలబడి పాటలు పాడల్లా?" అన్నాడు ప్రేమయ్య. "ఇది ఉంటే నేను స్టేజీ ఎక్కను రెడ్డీ. వచ్చినోళ్లను వచ్చినట్లే తిప్పుకొని పోతా."

వీరేష్‌ను పిలిచి తిట్టాను. "బుద్ధుండాదా నీకు? ఎవరికి ఏం పెట్టాల్నో తెల్దా?"

"నేను పెట్టలేదన్నా. నువ్వు పంపిన ఫొటోలోనే ఉండాది. రంగు తేలిపోతాంటే కొంచెం ముదురు చేసినా, అంతే."

ఫోను తెరిచి చూస్తే నిజమే. నాకు రెండు దార్లు కనిపించాయి. నిజం చెబితే ప్రేమయ్య వెళ్లిపోతాడు. తప్పు వీరేష్ మీద వేస్తే, అతనికి ఒక టీతో, తర్వాత ఇచ్చే ఇంకో ఫ్లెక్సీ పనితో సరిపోతుంది. చౌకైనది రెండోదే. వీరేష్ వైపు కన్ను కదిలించాను. అతనూ అంగడి నడిపేవాడే కదా, పట్టుకున్నాడు.

"సరేలేన్నా, నేనే పెట్టినా అనుకోండి."

"అనుకునేదేంది?" అన్నాడు ప్రేమయ్య. "పెట్టినావా, లేదా?"

పూలదండలు తెచ్చిన సుబ్బరత్నమ్మ ఇదంతా వింటూ ఉంది. నేను ఆపేలోగా ముందుకు వచ్చింది.

"ఆయప్పను ఎందుకు అడుగుతావు ప్రేమయ్యన్నా? పెట్టింది నేను. ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా ఎట్ల పంపేది? వచ్చినప్పుడల్లా పెట్టినా. వద్దనలేదు. తల వంచింది."

ప్రేమయ్య ఖాళీ బాక్సు మీద కూర్చున్నాడు. జీవిత వైపు చెయ్యి చూపాడు.

"స్నేహితురాలి పెండ్లిలో బొట్టు పెట్టుకుందని ఈ పిల్లకు సంస్కారం ఆపించింది నేనే రెడ్డీ. ఇప్పటికీ ఆపే ఉండాది."

సంస్కారమంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. అందరూ వరుసలో ముందుకు పోతుంటే జీవిత ఒక్కతే వెనక కూర్చోవాలి.

"ఆ పొద్దు అక్క ఊర్లోనే ఉండె. నా పక్కనే కూర్చోనుండె. ఒక్క మాటన్నా అనలేదు."

జీవిత అప్పటిదాకా బండి దగ్గరే నిలబడి ఉంది. అక్కడి నుంచే మాట్లాడింది.

"ఈడ నుంచి వచ్చినప్పుడల్లా పెద్దత్త తొట్టికాడ మొగం కడుక్కుంటాండె మామా. నీళ్లు పోసేది నేనే. ఎర్రగా కారుతాండె."

"నువ్వు చూసినావా? మరి చెప్పకపోతివే?"

"చెప్తే ఆయమ్మకూ ఆపుతాంటివి."

ప్రేమయ్య నేల చూశాడు. "నీతో ఏమన్నా అనిందా?"

"ఏమీ అన్లా. టవలిస్తే తీసుకుంటాండె. అంతే, నా మొగం చూసేది కాదు."

"కడుక్కుంటాండెనా?" అంది సుబ్బరత్నమ్మ. ఆమెకు అది ఒక్కటే వినిపించింది. "వద్దని ఉంటే ఒక మాట అంటే చాలు కదా. నేనేమన్నా బలవంతం చేసినానా?"

"వచ్చీ రాంగానే కడుక్కునేది కాదమ్మా" అంది జీవిత. "కొంచేపు కార్లోనే కూర్చోని ఉంటాండె. మళ్ల దిగేది."

ఆ మాటతో నాకు అసలేమీ అర్థం కాకుండా పోయింది. విత్తనాల విషయంలో మంత్రి ముందే కాదన్న మనిషని ఆమె గురించి చెప్పుకుంటారు. అలాంటి మనిషి నా భార్య వేలికి వద్దనలేకపోయింది, తమ్ముడి కంటికి భయపడింది. మా ఇంటి గడపలో కూలివాడి కూతురిగా తల వంచిందా, చుట్టంగా వంచిందా? కోడలిపిల్లను వెనక కూర్చోబెడుతుంటే ఎందుకు నోరు మూసుకుంది? నీళ్లు పోసిన పిల్లే కదా. గౌరవించే మనిషిని తక్కెడలో పెట్టకూడదంటారు. నాకు వేరే పనిముట్టు తెలియదు. పెట్టి చూస్తే ముల్లు ఒక చోట నిలబడలేదు.

ట్రాక్టరు గేటులోకి వచ్చింది. దాని మీద పాడుతున్నవాళ్లు ఫ్లెక్సీ చూసి ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. పాస్టరు దిగి, కళ్లద్దాలు సర్దుకుని పైకి చూశాడు.

"ఏమప్పా ప్రేమయ్యా, ఇదేంది?"

వీరేష్ నా వైపు చూసి ఒక అడుగు ముందుకేశాడు. తిట్లు పడడానికి సిద్ధంగానే ఉన్నాడు. ప్రేమయ్య లేచి చేత్తో అతన్ని ఆపాడు.

"మా అక్కేనయ్యా. ఈడికి వస్తే ఇట్లే ఉంటాండెనంట. నాకూ ఇప్పుడే తెలిసింది."

"మరి సంఘానికి ఏం చెప్తావు?"

"అదే తెలీడంల్యా" అని ప్రేమయ్య స్టేజీ వైపు కదిలాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రామ్మా, పైన కూర్చుందాం."

జీవిత కదలలేదు.

"స్టేజీ మీద కూర్చునేది ఒక గంట మామా. ఆదివారం నేను యాడ కూర్చోవల్ల?"

ట్రాక్టరు మీది ఆడవాళ్లు కూడా దిగడం మానేసి వింటున్నారు. ప్రేమయ్య పాస్టరును చూశాడు. పాస్టరు ఫ్లెక్సీని చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడితే వాళ్లదే భారం. బేరంలో అలాంటి మౌనం నాకు బాగా తెలుసు.

"వరుసలోకి రా" అన్నాడు ప్రేమయ్య. "ఎవురన్నా అడిగితే ప్రేమయ్య రమ్మన్నాడని చెప్పు."

పాస్టరు సరేననలేదు, కాదనలేదు. జీవిత చెంగు సర్దుకుని స్టేజీ మెట్లెక్కింది. ఆమె ముఖంలో సంతోషం లేదు. తనను అడగకుండా ఎవరో ఏదో చేతిలో పెడితే మనిషి ఎట్లా చూస్తాడో అట్లా చూస్తూ కూర్చుంది.

సభ మొదలైంది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు, మేడం జీవితం తెరిచిన పుస్తకమన్నాడు. అందరూ తలలూపారు. ప్రేమయ్య ఊపలేదు.

సుబ్బరత్నమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. దండలు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి.

"ఏమయ్యా, ఆయమ్మ నా మీద కోపంతో కడుక్కునిందంటావా?"

కుప్పను చూసి ఎన్ని బస్తాలో చెప్పగలిగే మనిషిని నేను.

"తెలీదు" అన్నాను.

"మరి కార్లో ఎందుకు కూర్చుంటాండె?"

మైకులో నా పేరు పిలుస్తున్నారు. తెలియదని రెండోసారి చెప్పలేక, అదే సాకుగా అక్కడి నుంచి నడిచాను.