ఊడ్చి పారేసిన భుజాలు

సాయంత్రం నాలుగున్నరకి ఫ్రెంచి బడి వదలగానే ఆయమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని చీపురు పట్టేది. ఏ బడి ఊడ్చినా కాగితం ముక్కలూ పెన్సిలు పొట్టూ వస్తాయి. ఇక్కడ వాటితోపాటు రోజంతా జనం విదిలించిన సైగలూ, సాగదీసి వదిలేసిన రాగాలూ వచ్చేవి. పుట్టుకతో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళవి ఎండిపోయి తేలిగ్గా ఉండేవి, తొయ్యగానే చేటలోకి వచ్చేసేవి. నేర్చుకునేవాళ్ళవే, ఛీ, తడితడిగా, సగం నమిలి ఉమ్మినట్టు బెంచీల కింద అంటుకుని ఒక పట్టాన ఊడి చావవు. వాక్యం చివర పైకి లేపబోయి లేపలేక వదిలేసిన రాగాలైతే వాష్‌బేసిన్ గొట్టంలో అడ్డం పడి, పుల్ల పెట్టి లాగితే వెంట్రుకల ఉండల్లా బయటికొచ్చేవి. ఆ కంపు గురించి చెప్పకపోవడమే మేలు. ఆయమ్మకి రాత్రి అన్నం సయించేది కాదు.

అన్నిటికన్నా ఎక్కువ దొరికేవి భుజాలమ్మవి. ఆవిడ ఫ్రెంచి గడ్డ మీద పుట్టిన టీచరు. ఏమడిగినా రెండు భుజాలూ ఎగరేసి, పెదాలు ఉబ్బించి, "ప్ఫ్" అనేది. అంతే జవాబు. పరీక్ష తప్పామని ఏడుస్తూ వచ్చినవాళ్ళకీ అదే. రోజుకి నలభై భుజాలు రాల్చేది మహాతల్లి. ఆవిడకి మన మాట కూడా వచ్చు, కాకపోతే ముక్కముక్కకీ చివర గొంతు పైకెక్కుతుంది. "అబ్బ, ఎంత ముద్దుగా మాట్లాడతారండీ!" అని అందరూ చంకలు గుద్దుకునేవాళ్ళు. ఆవిడకి ఎవరూ పరీక్ష పెట్టలేదు, ఎవరూ తప్పించలేదు.

ఇక డైరెక్టరు. ఆయన కూడా మనలాగే నేర్చుకున్నవాడే. అద్దం ముందు నిలబెట్టి, ఇంతలేసి మనుషుల చేతులు పట్టుకుని తిప్పేవాడు. "మాటలు చిలక్కీ వస్తాయి. భుజం రావాలి, భుజం!" అని తనూ ఎగరేసి చూపించేవాడు. బడి మొత్తంలో జిగురు జాస్తి ఆయన భుజాలకే.

ఆయమ్మ మేనకోడలు ఆ బడిలోనే చదివింది. నర్సు చదువు ఎప్పుడో పూర్తిచేసింది. కానీ తను పనిచేసే ఆసుపత్రిలో అందరూ ఫ్రెంచే మాట్లాడతారు, ఈ బడివాళ్ళు పెట్టే మౌఖిక పరీక్ష గట్టెక్కితే తప్ప నర్సు కోటు ఇవ్వరు. అందాకా బెడ్‌పాన్లు కడగడమే. రెండుసార్లు తప్పింది. మాటల్లో ఒక్క తప్పు లేదు. "మాటలు ఫ్రెంచివే, మనిషి కాదు" అని రాశాడు డైరెక్టరు. మూడోసారే ఆఖరుసారి. ఇదీ పోతే రిటైరయ్యేదాకా బెడ్‌పాన్లే.

పరీక్ష ముందురోజు ఆయమ్మ లంచ్‌బాక్సు తెచ్చి మూత తీసింది.

"ఏంటత్తా ఇది?"

"భుజాలమ్మది. తాజాది. పొద్దున్నే రాలింది."

"యాక్! ఒకళ్ళు విడిచింది నేను తొడుక్కోవాలా?"

"సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికానే."

"దీనర్థం ఏంటో తెలుసా నీకు? నాకేం పట్టింది అని!"

"పట్టనివాళ్ళకే కదే వీళ్ళు పాసు మార్కులు వేసేది. తొడుక్కో నోరు మూసుకుని."

మేనకోడలు తన చేతుల వంక చూసుకుంది. ఎంత కడిగినా బెడ్‌పాను వాసన పోని చేతులు. కళ్ళు మూసుకుని తొడుక్కుంది. చల్లగా, పాము కుబుసంలా వీపుకి అతుక్కుంది.

మర్నాడు పరీక్ష గది తలుపు అద్దంలోంచి ఆయమ్మ చూస్తూ నిలబడింది. మాటలకి మార్కు డైరెక్టరు వేస్తాడు. స్వరానికీ, సైగకీ వేసేది భుజాలమ్మ, ఇన్నాళ్ళూ డైరెక్టరు చెప్పినట్టే వేసినా ఆ గడిలో ఆవిడ మాటే ఖాయం. మేనకోడలికి ఇచ్చిన పని ఇదీ: ఒకావిడ కొడుకు ఇప్పుడే ఆసుపత్రిలో పోయాడు, వెళ్ళి చెప్పాలి. ఆ తల్లి వేషం భుజాలమ్మది.

మేనకోడలు కుర్చీ దగ్గరకెళ్ళి ఫ్రెంచిలో చెప్పింది. మీ అబ్బాయిని కాపాడలేకపోయామమ్మా. వాక్యం చివర గొంతు చక్కగా తిరిగింది. ఆ వెంటనే, తను వద్దనుకునేలోపే, రెండు భుజాలూ లేచాయి. పెదాలు ఉబ్బాయి. "ప్ఫ్."

"అదీ!" అని డైరెక్టరు బల్ల మీద చరిచాడు. "అచ్చం అక్కడే పుట్టినట్టు!"

భుజాలమ్మ ముఖం పాలిపోయింది. మేనకోడలు లేచిన భుజాల వంక చూసుకుంది. చచ్చిన బిడ్డ మీద భుజం ఎగరేసిందా తను? ఛీ, ఇంతకన్నా బెడ్‌పాన్లు కడగడం మర్యాద. మెడ వెనక చెయ్యి పెట్టి, దాన్ని చర్రున లాగి నేలమీద విసిరికొట్టింది. ఇంకో కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, అవే మాటలు మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు చివర్న కిందికి దిగి, "ప్చ్" అని ఆగిపోయింది.

"మళ్ళీ మొదటికొచ్చింది!" డైరెక్టరు మాటల గడి నింపేసి లేచాడు. "వెయ్యండి మేడమ్ సున్నా, పీడా పోతుంది." కాఫీకి వెళ్ళిపోయాడు. మేనకోడలు ఎవరివంకా చూడకుండా బయటికి నడిచింది.

ఆయమ్మ చీపురు పట్టుకుని లోపలికొచ్చింది. భుజం మూలన ముడుచుకుని, అప్పుడే కంపు కొడుతోంది. మేనకోడలి అరచెయ్యి మాత్రం కింద పడలేదు, ఖాళీ కుర్చీ ముందు గాల్లో అలాగే ఆగి ఉంది. భుజాలమ్మ దాని ఎదురుగానే కూర్చుంది.

"లేస్తారామ్మా, ఊడవాలి."

"అది తియ్యి. ఇది ఉంచు." ఆవిడ గొంతు ఎప్పటిలాగే చివర్న పైకెక్కింది. కాలితో భుజాన్ని చేటవైపు తోసి, ముఖం చిట్లించింది. "మా అమ్మ పోయినప్పుడు నాకు ఫోన్లో కబురు చెప్పినవాళ్ళు అదే అన్నారు. ప్ఫ్. అప్పట్నుంచి నాకూ అదే వచ్చేది."

ఆయమ్మ భుజాన్ని చేటలోకి ఎత్తింది. అయ్యో అనబుద్ధి కాలేదు, ఇన్నేళ్ళూ ఆ భుజాలు ఊడ్చింది తనే కదా.

భుజాలమ్మ ఎడమ చెయ్యి ఆ అరచేతి మీద ఆనించి, కుడిచేత్తో పెన్ను తీసి తన గడిలో అంకె వేసింది. ఆయమ్మ తొంగి చూసింది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. ఇరవైకి పంతొమ్మిది.

"ఆ ఒకటి ఎందుకు కోశారమ్మా?"

"మొదట భుజం ఎగరేసింది కదా."

"ఆ భుజం మీదేనమ్మా," అంది ఆయమ్మ చేట ఎత్తి చూపిస్తూ. "నిన్న పొద్దున్నది."

భుజాలమ్మ చేటలోకి వంగి చూసింది. తర్వాత పంతొమ్మిది కొట్టేసి, ఇరవై వేసింది.