ప్రశ్నల్లో తప్పులు

“ఎలాగూ సాయంత్రాలు ఖాళీయేగా, ఆ ప్రశ్నలేవో నువ్వే ఎక్కించెయ్,” అన్నాడు భర్త, చొక్కా ఇంకా తయారవలేదా అన్నట్టు చూస్తూ. ఇస్త్రీపెట్టె ఆమె చేతిలోనే ఉంది.

ఇద్దరూ ఒకే హైస్కూల్లో టీచర్లు. ఆమెది లెక్కలు, అతనిది సైన్సు. పరీక్షల్లో కాపీలు శ్రుతిమించాయని, ఇకపై పదో తరగతికి కంప్యూటర్ మీదే పరీక్ష పెట్టాలని యాజమాన్యం తీర్మానించింది. బాధ్యుడిగా అతని పేరు నోటీసుబోర్డు ఎక్కింది. పని మాత్రం ఆమె వంటింటికి వచ్చింది.

కూరగాయల బుట్ట పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, తన లెక్కలతో పాటు అతని సైన్సు ప్రశ్నలు కూడా టైపు చేసేది. సరైన జవాబు రాయడానికి ఎంతసేపు? దాని పక్కన పెట్టాల్సిన తప్పు జవాబులతోనే చిక్కంతా. పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ గుర్తు మరిచిపోతారో ఆ దారిలో తనూ కాసేపు నడిస్తే గాని నమ్మదగ్గ తప్పు దొరికేది కాదు. ఆ పెట్టె ముందు కూర్చుంటే గిన్నె మాడినా తెలీదని అత్తగారు గొణిగేది. నిజమే, తెలిసేది కాదు. పెళ్లయ్యాక తన బుర్ర పూర్తిగా తన చేతికి వచ్చింది ఆ గంటల్లోనే. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే దాన్నీ ఇంటిపనుల్లో కలిపేస్తారని భయం.

పరీక్ష రోజున ఏ ఇద్దరికీ ప్రశ్నలు ఒకే వరసలో రాలేదు. పక్క తెరలోకి తొంగిచూసి లాభం లేదని తెలిశాక మగపిల్లలు సీలింగు కేసి చూస్తూ కూర్చున్నారు. ముందు వరసలో సన్నగా ఉండే ఓ అమ్మాయి ఉంది. క్లాసంతా చీమ అని పిలుస్తారు. జవాబులు చూపించమని ఆ పిల్లను వెనకనుంచి కంపాసుముల్లుతో పొడిచేవారు. ఒకసారి ఆ గాట్లు చూసి ఆమె భర్తతో చెబితే, నలుగురికి చూపిస్తే అరిగిపోతుందా అన్నాడు. ఆ రోజు మాత్రం చీమ జోలికి ఎవరూ పోలేదు. పదో తరగతి మొత్తానికి మొదటి మార్కు ఆ పిల్లదే.

మిగతా క్లాసులో సగానికి పైగా తప్పారు. సైన్సులో మరీ ఘోరం. ఇన్నేళ్లూ పరీక్ష హాల్లో జవాబులు అందించి నెట్టుకొచ్చాడే తప్ప, అతను పాఠం చెప్పిందే లేదని బయటపడింది.

తల్లిదండ్రులు గేటు దగ్గర గోల పెట్టారు. హెడ్మాస్టర్ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు.

“ప్రశ్నలన్నీ మా ఆవిడే తయారు చేసిందండీ. నాకు చూసే తీరిక లేకపోయింది,” అన్నాడు భర్త.

ఆ పని ఆమెదని అతను బయటివాళ్ల ముందు ఒప్పుకోవడం అదే మొదలు.

ప్రశ్నల్లో తప్పులు దొర్లాయని ఆమె రాసిస్తే పరీక్ష రద్దు చేసి, మళ్లీ కాగితం మీద పెడతామన్నాడు హెడ్మాస్టర్. ఒక్క తప్పూ లేదంది ఆమె. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఆ సంగతేదో ఇంట్లో మాట్లాడుకుని రండమ్మా అన్నాడు.

ఇంట్లో మాట్లాడింది అత్తగారొక్కరే. వాడి ఉద్యోగం పోతే నీ పరువేమన్నా మిగులుతుందా అని అడిగింది. పెట్టిన కంచం ముట్టకుండా భర్త లేచి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతను అరిస్తే ఆమె ఎదురు చెప్పగలదు. ఆ మౌనం ముందే ఎప్పుడూ ఓడిపోతుంది.

మర్నాడు రాసిచ్చింది. రాశాక ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. తర్వాతి పీరియడ్‌కి బెల్లు కొడితే సుద్దముక్క తీసుకుని వెళ్లింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్ గుమ్మంలో చీమ నిలబడింది.

“మా మార్కులు కొట్టేశారంట కదా టీచర్? ప్రశ్నలు తప్పంట.”

అవతలి బల్ల దగ్గర భర్త పేపరు తిరగేస్తున్నాడు. అవునని చెప్పి పంపేస్తే సరిపోయేది.

“తప్పులేం లేవు. అబద్ధం రాసిచ్చాను,” అంది ఆమె, అతనికీ వినబడేలా.

పేపరు చప్పుడు ఆగింది. చీమ అటు చూడలేదు.

“ఎందుకు రాసిచ్చారు టీచర్?”

ఆ గొంతులో కోపం లేదు. ముందు ముందు తనకూ పనికొస్తుందన్నట్టు, తెలుసుకోవడానికి అడిగింది.