సితారా నోటికి ఏ ఇనుము?

ఇంకొక్క ఊరేగింపులో సితారా ఎగిరిపడిందంటే వచ్చే సంతకే పెబ్బేరు తోలి అమ్మేయాలని ఆజం తేల్చుకున్నాడు. ఇంట్లో ఎట్లాగూ ఎవరూ అతని మాట వినరు. పెళ్లిళ్లకు తిప్పే ఈ తెల్ల గుర్రం కూడా వినకపోతే ఇంకెందుకు? కమ్మరితో ముళ్ల కళ్లెం చేయించి పెట్టాడు. గుర్రం తల మరింత విదిలించింది.

ఆ సాయంత్రం పెళ్లి కోడేరులో. తల్లి చెల్లెలు నూరున్నీసా ఇల్లూ అక్కడే. భర్త జట్కా నడిపినన్నాళ్లూ గుర్రాల నోళ్లు చూసింది ఆమే.

"దీనికి పొగరెక్కింది ఖాలా. ఇంకా గట్టి కళ్లెముంటె ఇయ్యి."

"పొగరు దానికా, నీకా?"

ఆమె సితారా పెదవి మూలన బొటనవేలు దూర్చింది. పళ్లు లేని ఆ చిగురు మీదే ఇనుము కూర్చుంటుంది. వేలికి నెత్తురంటింది. లోపలికి పోయి రేకు పెట్టె తెచ్చింది.

ఆజం అందులోంచి మధ్యలో కీలున్న కళ్లెం తీశాడు. "గిది మెత్తగుంటది గదా, వంగుతది."

"చెయ్యియ్యి."

అతని ముంజేతి మీద దాన్ని పెట్టి రెండు కొసలూ లాగింది. అడకత్తెరలో పోకచెక్కలా కండ నలిగింది.

"యా అల్లా! వదులు ఖాలా!"

"సితారాది లావు నాలుక. గిట్లనే నొక్కుతది. గిది సూడు." ఈసారి కీలు లేనిది, మధ్యలో కొంచెం వంపున్న లావుపాటిది పెట్టి లాగింది. బరువు ఆనిందంతే. "సన్నది కోస్తది, లావుది ఆనుతది. దీనికి గిదే."

"అయితె పెట్టు."

"ఇయ్యాల ఏదీ పెట్టొద్దు. పుండు మాననియ్యి. ముక్కుపట్టీతోనే నడిపిద్దాం."

"డీజే ముంగట, నోట్ల ఇనుము లేకుండనా? పెండ్లికొడుకును కిందేస్తె?"

"నేనొస్త గద."

డీజే మోగగానే ఆజం అలవాటు కొద్దీ ముక్కుపట్టీ తాడు బిగించాడు. గుర్రం చెవులు వెనక్కి వాలాయి. పక్కనే నడుస్తున్న నూరున్నీసా అతని చేతి మీద ఒక్కటి వేసింది. తాడు వదులైంది. సితారా ఒకసారి ముక్కు చీది, తల దించుకుని, పెళ్లికొడుకును మోస్తూ ఆ హోరులోంచి నింపాదిగా నడిచిపోయింది.

ఆజం గుర్రాన్ని చూడలేదు. వదులైన ఆ తాడు మీద రెండు వేళ్లు ఆనించి నడుస్తున్న ముసలామెనే చూస్తుండిపోయాడు.

పెళ్లికొడుకు దిగాక ఆమె నవ్వింది. "ఏంరా, సంతకు తోలుతవా మరి?"

"తోలితె నన్నే తోలు ఖాలా," అన్నాడు ఆజం. "ఆ లావు కళ్లెం మాత్రం ఎవ్వరికియ్యకు. పుండు మానంగనే వస్త."