దొరవారి శనివారం తలంటు

ఓబులేసు పశువుల ఆసుపత్రి వరండాలో వరుసలో నిలబడి ఉన్నాడు; ముప్పై ఏళ్లు ఇదే ఆసుపత్రిలో కాంపౌండరుగా మందులిచ్చినవాడు తన వంతు కోసం కాచుకోవడం పరువు తక్కువే అయినా, కాళ్లకు పరువును మోసే ఓపిక లేదు. ముందున్న కుక్కలన్నీ పట్టాభిషేకానికి విచ్చేసిన సామంతరాజుల్లా గంభీరంగా కూర్చుని ఉన్నాయి, వరుస కదిలేకొద్దీ వరండా మెల్లగా అతని ఇంటి పెరడు అవుతోంది, మందుల కిటికీ ఉండవలసిన చోట నీళ్లతొట్టి ఉంది, తొట్టి పక్కన పీట మీద, పోయి ఏడాదైన అతని భార్య సుంకమ్మ కూర్చుని కుంకుడుకాయలు పిసుకుతోంది. ఆమె ఎదుట, ఆమెకన్నా ఆరునెలల ముందే పోయిన కుక్క, దొర, సార్వభౌముడిలా కళ్లు మూసుకుని తలంటుకు సిద్ధంగా ఉంది.

"వరుసలో నిలబడినావే? నీ ఇంటికొచ్చేదానికి గూడా చీటీ కావాల్నా?" అంటుంది సుంకమ్మ, తలెత్తకుండా.

శనివారం తలంటు ఆ ఇంటికి రాజశాసనం: ముందు మొగుడికి, తర్వాత కుక్కకు, ఇద్దరికీ అదే నువ్వులనూనె, అదే కుంకుడురసం. ఆ శాసనానికి లోబడే, ఓబులేసు శుక్రవారం సాయంత్రం దొర మెడ మీద వేసిన పిడుదుల మందు శనివారం ఉదయానికి తొట్టి పక్క కాలువలో కలిసిపోయింది. నెత్తురు తాగి ఆముదపు గింజంత ఉబ్బిన పిడుదులు నిర్భయంగా దండయాత్ర సాగించాయి. చిగుళ్లు సున్నంలా తెల్లబడి, పన్నెండు రోజుల జ్వరంతో దొరవారు కీర్తిశేషులయ్యారు. పూడ్చి వచ్చిన ఓబులేసు చేతుల మట్టి కడుక్కుంటూ, దాన్ని చంపింది నీ తలంటే అన్నాడు భార్యతో. ఆమె ఆ మాటతోనే ఆరునెలలు బతికి, ఆ మాటతోనే వెళ్లిపోయింది.

ఆ మాటను వెనక్కి తీసుకోవడానికే అతడు ఈ వరుసలో నిలబడ్డాడు. తీరా నోరు తెరిస్తే, ముప్పై ఏళ్లు ఊరికి వినిపించిన ఉపన్యాసమే వస్తోంది: వెంట్రుకలు పాయ తీసి మందు చర్మానికే తగలనివ్వాలి, ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం కూడదు, నూనె అసలే కూడదు. సామంతరాజులు తలలు ఊపుతున్నారు. సుంకమ్మ పురాణం విన్నట్టు అంతా విని, చీర కొంగు అతని చేతిలో పెడుతుంది. మరిచిపోకూడని మాట ఏది చెప్పినా అప్పటికప్పుడే కొంగున ముడి వేసుకోవడం ఆమె అలవాటు.

"చూడు. గ్యాసుబండకు ఒక ముడి. నీ బీపీ మాత్రలకు ఒక ముడి. మా అక్క కూతురు కాన్పుకు ఒక ముడి. దొర మందుకు ముడి యాడుంది?"

అతడు వెతుకుతాడు. కొంగు సాగుతూ పెరటి గోడ దాటి, ఆసుపత్రి గేటు దాటి, శనగచేల మీదుగా కనుచూపు అందనంత దూరం పోతోంది, అతడు దాన్ని వేళ్లతో తడుముకుంటూ నడుస్తున్నాడు, మోకాళ్లు నొప్పెడుతున్నాయి, ముడి ఎక్కడా లేదు, నడిచి నడిచి మళ్లీ తొట్టి దగ్గరికే వస్తాడు.

"నేను చెప్పలేదు సుంకమ్మా. ఊరందరికీ చెప్పినా గదా, ఇంట్లో తెలిసే ఉంటాదిలే అనుకుంటి. తప్పు నాదని ఆ పొద్దే తెలుసు నాకు. తెలిసే నీ మీద వేస్తి."

"నాకూ తెలుసులే."

"మరి అప్పుడే అనకపోతివా?"

"రెండు దినాలు అన్నం ముట్టకుండా పడుంటివి. దాని మీద ఇది గూడా ఎత్తితే మోస్తావా నువ్వు?" ఆమె చేతుల నురుగు దులుపుకుంటుంది. "అది పోనీ. ఇప్పుడొక కుక్కపిల్లను తెచ్చుకున్నావంట గదా. దానికి మందు వేసినావా?"

"నిన్ననే వేసినా."

"ఈ పొద్దు ఏం వారం?"

అతనికి గుర్తు రావడం లేదు. సామంతరాజులకూ తెలిసినట్టు లేదు. దొర ఒక్కడే కళ్లు తెరిచి, అతనివైపు చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

శనివారం తెల్లవారింది. నులకమంచం మీద నుంచి చూస్తే పెరట్లో తొట్టి, తొట్టి గట్టు మీద అలవాటు చొప్పున రాత్రి తానే నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె, గిన్నె పక్కన తోక ఊపుతున్న కుక్కపిల్ల కనిపించాయి. లేవబోతే చెంపకు ఏదో గట్టిగా ఒత్తుకుంది. తలకింద మడిచి పెట్టుకున్న తువ్వాలు కొసన, నిన్న సాయంత్రం మందు వేయగానే తాను వేసిన ముడి.