తాళం తప్పే భజన

మా ఆయనకు ఏ పనీ ఒంటరిగా చెయ్యడం చేతకాదు. గొడుగు కొనాలన్నా తోడు కావాలి, క్షవరానికి వెళ్ళాలన్నా తోడు కావాలి. తాగడానికి కూడా ఏనాడూ ఒంటరిగా వెళ్ళిన పాపాన పోలేదు. అలాంటి మనిషిని పట్టుకుని, మానడం మాత్రం ఒక్కరే మానండి అంటే ఎలా మానతారు? ఈపాటి సంగతి బోధపడడానికి ఇంటర్మీడియట్ చదివిన నాకు చాలాకాలం పట్టింది.

ఆయనకు రంగూన్‌కు ఆవలి ఒడ్డున, దలాలో కలప కంపెనీలో గుమాస్తా పని. రోజూ నది దాటి వెళ్ళి రావాలి. ఆ వానాకాలంలో ఒక సాయంత్రం ఇంటికి వస్తూ సాంపాన్ పడవ అంచు మీంచి నదిలో పడ్డారు. పడవ నడిపే బర్మావాడు జుట్టు పట్టుకుని పైకి లాగాడు. రెండోసారి కూడా లాగుతాడని నమ్మకమేముంది? పైగా ఆయన జుట్టు పలచబడుతోంది.

"కాలు జారింది నా బావుకి" అన్నారు మా అత్తగారు మంగాయమ్మగారు. ఆవిడ లెక్కలో కొడుకు తాగడు. కొడుకుకి ఉన్నది కడుపునొప్పి. దానికి మందుగా పోపులపెట్టె వెనకాల బ్రాందీ సీసా ఒకటి ఉండేది. సారాకొట్టుకు వెళితే నలుగురూ చూస్తారు, ఇంట్లో పోస్తే మందు. అదీ గ్లాసుతో కాదు, ఆయన చిన్నప్పుడు పాలు తాగిన వెండి ఉగ్గుగిన్నెతో.

దేశంలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరుగుతున్న రోజులవి. రంగూన్‌లోనూ ఒక మద్యపాన నిషేధ సభ పెడితే ఆయన్ను ట్రామెక్కించి తీసుకువెళ్ళాను. తాగనివాళ్ళందరూ వచ్చి, తాగకూడదని తీర్మానించి, టీ తాగి వెళ్ళారు. వచ్చిన తాగుబోతు మా ఆయన ఒక్కరే. ఆయన నిద్రపోయారు.

మేముండే మింగళ తౌంగ్‌న్యున్‌లో, మా వీధి చివర వీరన్న కట్టెల అడితి వెనక గదిలో శనివారం సాయంత్రాలు రామభజన జరిగేది. అంత అధ్వాన్నమైన భజన నేనెక్కడా వినలేదు. పాట ఒక దారి, తాళం ఒక దారి. బలవంతం లేకపోతే మనుషులు ఇంత చెడ్డగా ప్రతివారం పాడరని నాకు అనుమానం వచ్చింది. పక్కింటి వీరలక్ష్మి భర్త జోగి అక్కడికి వెళతాడు.

"మీ ఆయన వెళ్ళే భజనలో తాళం అలా పోతుందేం వదినా?" అని అడిగాను.

ఆమె అటూ ఇటూ చూసింది. "అది తాగుడు మానీవోల బజన వొదినా. జెట్టీలో కూలి సేతిలో పడీ ఏలకి కొట్టుకెల్లకుండా ఒకల్నొకలు కూకోబెట్టుకుంటారు. కొత్తోడి సేతికి తాళాలిస్తారు. సేతులు వొనికినా తాళంలో కలిసిపోద్దని."

ఆయనతో చెబితే ముఖం ముడుచుకున్నారు. "అక్కడంతా కూలీలు. వాళ్ళ పక్కన కూర్చోమంటావా?"

"కొట్టులో కూర్చునేది వాళ్ళ పక్కనే కదండీ?" అన్నాను.

అత్తగారికి మాత్రం భజన అని చెప్పాను. అబద్ధం కాదు కదా. ఆవిడ పొంగిపోయి వడపప్పు నానబోసి, తానూ వస్తానని బయలుదేరారు. బుట్టలో వడపప్పు కింద ఇంకేదో పెట్టడం చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

గదిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. వీరన్న మా ఆయన చేతికి తాళాలిచ్చాడు. "బాబూ, ఇక్కడ ఒట్టెయ్యకూడదు. మా ఒట్లన్నీ తీసి గట్టున పెట్టినవే. వారం ఎలా గడిసిందో సెప్పడవే."

రెండు పాటలయ్యాక జోగి లేచాడు. "మంగలారం తాగేను. ఇంటికెల్ల మొకం సెల్లక జెట్టీలోనే పడుకున్నాను. ఇయాల తాగనేదు." అంతే, కూర్చున్నాడు. ఎవరూ నీతులు చెప్పలేదు.

తరవాత మా ఆయన వంతు. పొద్దుటి నుంచి చుక్క పడలేదేమో, ఆయన కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. చేతుల్లో తాళాలు వాటంతట అవే గణగణమని మోగుతున్నాయి. ఇప్పుడు లేచి బయటికి నడిచారంటే, మళ్ళీ నన్ను నమ్మి ఏ గడపా తొక్కరు.

"ఓలమ్మో, నా కొడుకు బాపిరాజుకి నొప్పొచ్చీసింది!" అని మా అత్తగారు బుట్టలోంచి సీసా, ఉగ్గుగిన్నె తీశారు.

గదిలో తలలన్నీ సీసా వైపు తిరిగాయి. జోగి చాప అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మూత తియ్యకమ్మా, నీకు పున్నెముంటాది" అన్నాడు వీరన్న మెల్లగా. "ఇక్కడందరికీ ఆ కడుపునొప్పే."

అత్తగారు బిత్తరపోయి ఆ మనుషులందర్నీ ఒక్కొక్కరినే చూశారు. చివరికి కొడుకును చూశారు.

"నాకు కడుపెప్పుడూ నొప్పెట్టలేదే అమ్మా" అన్నారాయన. ఆ గదిలో ఆయన చెప్పిన మొదటి మాట అది. తాళాలు ఇంకా మోగుతూనే ఉన్నాయి, కాని మనిషి కదల్లేదు.

ఆవిడ నావైపు తిరిగారు. నేను దీపం వత్తి సరిచేస్తున్నాను. సీసా తెచ్చి నా ఒళ్ళో పడేసి, ఉగ్గుగిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. అక్కడ లేచినవాళ్ళు ఏదో ఒకటి చెప్పాలి గదా అని అందరూ ఎదురుచూశారు.

"నలుగురూ సూస్తారని బయపడి కొట్టు నాను ఇంట్లోనే పెట్టీసినాను" అన్నారు మా అత్తగారు, ఆఖరి వరసకు కూడా వినబడేట్టు. "పాలు పట్టిన సేత్తోనే ఇదీ పట్టినాను. తప్పు నాదే నాయినా."